బఠాణీ గింజంత చుక్క

ఆ రాత్రి షట్టరు సగం దించి, రిపేరు షాపు ఓనరు వేడెక్కి ఆగిపోతున్న కంప్యూటర్‌ని మూడోసారి విప్పాడు. ప్రాసెసర్ మీద, వేడిని లాగే పేస్టు మళ్లీ గుండ్రని చుక్కై కూర్చుంది. బఠాణీ గింజంత.

రెండుసార్లూ అతను పాత కార్డు ముక్కతో పల్చగా పులిమాడు. పైన హీట్‌సింక్ అనే లోహపు దిమ్మ పెట్టి, నాలుగు మూలలా స్క్రూలు బిగించాడు. అంత బరువు కింద చుక్క చుక్కలా ఎలా ఉంటుంది?

అలా చుక్క పెట్టేది, ఒకప్పుడు ఈ షాపులోనే పనిచేసిన తన తోడల్లుడొక్కడే. "ఈ చవక పేస్టు వద్దన్నయ్యా, ఉత్త సున్నం ఇది" అని మొత్తుకునేవాడు. ఓనరు వినలేదు. ఓ ఆఫీసులో మెషీన్లు వరసగా మాడిపోయినప్పుడు మాత్రం, అందరి ముందూ వేలు అతని మీదికే చూపించాడు. "ఆ పనికిమాలిన సరుకు పూసింది వీడే!" ఆ మాటతో మంచం పట్టిన తోడల్లుడు మళ్లీ లేవలేదు. కడసారి చూపుకి కూడా ఓనరు వెళ్లలేదు. షాపు మూయడం కుదరదన్నాడు.

ఇప్పుడు ఓనరు ఆ చుక్కని స్పిరిట్‌తో గట్టిగా తుడిచాడు. చుక్క పోయింది. హమ్మయ్య అనుకున్నాడు.

అప్పుడు షెల్ఫులో, కరెంటే లేని కంప్యూటర్ల ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా తిరిగి, ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో అతని నడినెత్తిన చల్లగా ఏదో పడింది. తడిమి చూశాడు. బఠాణీ గింజంత.

"కదలకన్నయ్యా" అంది వెనక నుంచి తెలిసిన గొంతు, ఎంతో మర్యాదగా. "నాలుగు మూలలూ సమానంగా బిగించాలి."

పైనుంచి బరువు దిగడం మొదలైంది.