ఇంజెక్షన్ పనిచేసింది

నొప్పుల ఆసుపత్రిలో వెన్నుకు ఇంజెక్షన్ చేశాక ఆమె లేచి నిలబడింది. మంచాన పడ్డ అత్తగారిని ఎత్తీ దించీ చచ్చుబడిన నడుము ఏళ్ళ తర్వాత తేలికైంది. ఆ మాట భర్తకు చెబుదామని తలుపు కాస్త తీసింది.

వరండాలో అతను అటు తిరిగి చెల్లెలితో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "ఈ సూదితో మీ వదిన లేచి తిరుగుతుందటే. ఆయాని రేపటినుంచి రావద్దని చెప్పు. అమ్మని ఇక తనే ఎత్తుతుంది. కాలుమీద కాలేసుకుని కూర్చున్నది చాల్లే."

ఆమె చప్పుడు కాకుండా తలుపు మూసింది.

కాసేపటికి డాక్టరు వచ్చాడు. "ఎలా ఉందమ్మా? మందులూ వాడాం, వ్యాయామాలూ అయ్యాయి. ఇదీ పనిచెయ్యకపోతే ఇక ఆపరేషనే."

ఆమె నడుం పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"ఏమీ తగ్గలేదండీ. ఆపరేషనే చేసెయ్యండి."