నూకాలు చేసిన ఘోరం

మా పెరటి కోళ్ళు రోజూ తెల్లారగానే "రెక్కల కిందికొచ్చిన ప్రాణం మనదే" అని విశ్వాస ప్రమాణం చదివాకే గింజ ముడతాయి. బాతులు "నీళ్ళు అందరివీ" అని చదివి, గుంట దగ్గరికొచ్చిన కోళ్ళను తరుముతాయి. భక్తిలో ఎవరికీ వంక పెట్టలేం.

నిన్న గద్ద దిగింది. దారి తప్పిన బాతుపిల్ల ప్రాణభయంతో పరుగెత్తింది. నూకాలు అనే కోడిపెట్ట దాన్ని రెక్కల కిందికి లాక్కుంది. గద్ద నూకాలు వీపు చీరేసి, ఒట్టి కాళ్ళతో ఎగిరిపోయింది.

పెరడంతా నోరు తెరిచింది.

"బుద్ధుందటే? అది బాతులపిల్లే!" అంది ముసలికోడి.

"రోజూ మనం అనేది అదే కదా పెద్దమ్మా?" అంది నూకాలు.

"అనేదే! చెయ్యమని ఎవరన్నారే?"

గుంటలో బాతులపెద్ద ముఖం పాలిపోయింది.

"కొంపదీసి మనం రోజూ చదివే మాటకు కూడా అర్థం ఉందంటారా?" అని పక్కవాళ్ళను మెల్లిగా అడిగింది.