గంటల లెక్కయితే ఫర్వాలేదు

సోనీ తనకి నెలజీతం ఖాయమైందని చెప్పినప్పుడు ఆమె భర్త పైడిరాజు ఆటో తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.

సోనీది జి.మాడుగుల దగ్గర కొండ ఊరు. నర్సింగ్ చదివి, అరకులో ఇళ్లకి వెళ్లి రోగుల్ని చూసుకునే పనిలో చేరింది. ఇన్నాళ్లూ గంటల లెక్కన ఇచ్చేవారు. పొద్దున్న డుంబ్రిగూడలో ఒక ముసలమ్మకి ఇంజెక్షను, మధ్యాహ్నం సుంకరమెట్టలో ఎవరికో కట్టు మార్చడం. మధ్యలో వానలో బస్సు కోసం నిలబడ్డ సమయానికి ఏమీ రాదు. పేషెంటు ఆస్పత్రిలో చేరితే అసలు పనే ఉండదు. అలాంటిది ఇప్పుడు ఒకే ఇల్లు. ఆదివారం సెలవు. జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నా జీతం వస్తుంది.

పైడిరాజుకి నచ్చనిది ఆ ఇల్లే.

అది కాఫీ, మిరియాల వ్యాపారి వరహాలరావు ఇల్లు. భార్య పోయింది, పిల్లల్లేరు. అనంతగిరి ఘాట్‌లో కారు బోల్తా పడ్డప్పటి నుంచీ నడుం కింద చచ్చుబడి మంచంలోనే ఉన్నాడు. నర్సుల్లో ఎవరు ఏ ఇంటికి వెళ్లాలో చూసే మేనేజరు శ్రీకాంత్ ఊరికి కొత్త. ఖాళీగా కనబడిందని సోనీని అక్కడికి పంపాడు.

ఆ మాట విని పైడిరాజు మొదట వద్దన్నాడు. తరవాత ఆలోచించి, గంటల లెక్కే కదా, వెళ్లమన్నాడు. ఒళ్లు తుడుస్తుంది, పక్కకి తిప్పుతుంది, పుళ్లకి మందు రాస్తుంది, టైమైపోగానే వచ్చేస్తుంది. డబ్బు తీసుకుని చేసే పని. అంతకు మించి ఏముంటుంది?

నిజంగానే మొదట్లో అంతకు మించి ఏమీ లేదు. వరహాలరావు ఆమె మొహం చూసేవాడు కాదు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఆమె చేత్తో ఇస్తే మంచినీళ్లయినా తాగేవాడు కాదు. సాయంత్రం ఇంటికొచ్చి సోనీ ఇవన్నీ చెప్పుకుని బాధపడితే, పైడిరాజు ఆమెకి వేడినీళ్లు కాచి పెట్టేవాడు. ఆ రోజుల్లో అతనికి నిద్ర బాగా పట్టేది.

తరవాత పుళ్లు మానడం మొదలైంది. ఆయన ఆమెని పేరు పెట్టి పిలిచాడు. ఆమె కాచిన చోడి అంబలి తాగి ఇంకాస్త పోయమన్నాడు. ఆమె రావడం కొంచెం ఆలస్యమైతే ఫోన్ చేసేవాడు.

ఇంట్లో ఇక అవే కబుర్లు. ఈ రోజు చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. ఈ రోజు గడ్డం గీయించుకున్నాడు. చిన్నప్పుడు చంపావతి ఏట్లో దొంగతనంగా ఈదడానికి వెళ్లి తన్నులు తిన్న సంగతి చెప్పాడు. చెబుతూ సోనీ తనే నవ్వింది. పైడిరాజు అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు.

అప్పటి నుంచి ఆమె యూనిఫాం ఇస్త్రీ చేసుకున్నా అతనికి గుచ్చుకునేది. ఫోన్ మోగితే ముందు తనే తీసి ఎవరో చూసేవాడు. రోజూ ఆటోలో దింపేది తనే. కానీ వీధి మలుపు దగ్గరే ఆపేసేవాడు, ఇంటి ముందు దాకా వెళ్లేవాడు కాదు. ఆమె లోపలికి వెళ్లాక చాలాసేపు ఆ కిటికీ వైపు చూస్తూ కూర్చునేవాడు. బేరం వచ్చినా రానని చెప్పి పంపేసేవాడు.

ఇప్పుడీ జీతం. అడిగింది వరహాలరావే. సోనీ తప్ప మరొకరు వద్దు, పగలంతా తన దగ్గరే ఉండాలి, నెలకి మాట్లాడమని శ్రీకాంత్‌కి కబురు పెట్టాడట.

“ఒప్పుకోకు,” అన్నాడు పైడిరాజు.

“ఏటి, ఎందుకు?”

“గంటల లెక్కయితే టైమైపోతే లేచొచ్చీగలవు. జీతమంటే ఇంక ఆ ఇంటి మనిసివైపోతావు.”

“అయిపోతే నీకేటి?”

పైడిరాజు గుడ్డ దులిపి మళ్లీ అద్దం వైపు తిరిగాడు.

“రోజూ ఆ మలుపు కాడ కూకుని ఏటి సేత్తన్నావో నాకు తెలుసు. ఓపాలి లోపలికొచ్చి సూడు,” అని సోనీ నెమ్మదిగా చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం దాకా అతను ఆటో తీయలేదు. తరవాత నేరుగా ఆ ఇంటికే తోలాడు. చెప్పాల్సిన మాటలు దారిలో రెండుసార్లు అనుకున్నాడు.

కిటికీలోంచి ఇద్దరూ కనబడ్డారు. వరహాలరావు చేతులకి బలం రావడానికి రబ్బరు బంతితో ఆడిస్తోంది సోనీ. ఆయన విసిరాడు. బంతి ఆమె భుజానికి తగిలి మంచం కిందకి దొర్లింది. ఆయన తల వెనక్కి వాల్చి పగలబడి నవ్వాడు. సోనీ కూడా నవ్వుతూ వంగి బంతి తీసింది. ఆ గదిలో మూడో మనిషికి చోటున్నట్టు లేదు. ఆ నవ్వులో పైడిరాజుకి వాటా లేదు.

అతనికి ఒళ్లు మండింది. దాంతో పాటు, ఎందుకో, ఏడుపూ వచ్చింది.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. సోనీ పక్కకి జరిగింది. వరహాలరావు నవ్వు ఆగిపోయింది.

“రేపట్నించి ఇది రాదు. ఇంకెవర్నయినా సూసుకో,” అన్నాడు పైడిరాజు.

ఈ కొండపిల్లని పెళ్లాడాడని తోడబుట్టినవాణ్ణి ఇంట్లోంచి గెంటేసిన వరహాలరావు, తమ్ముడి మొహంలోకి తేరిపార చూసి, “నన్ను తిట్టడానికయినా ఇన్నేళ్లు పట్టిందేట్రా నీకు?” అన్నాడు.