పక్క సీటు

"సార్ సార్, లేవండి! అది నా కుర్చీ!"

బస్సు కండక్టర్ సెలూన్ గుమ్మంలోంచే కేకేశాడు. కుర్చీలో మెడకు తెల్లగుడ్డ కట్టించుకుని కూర్చున్న పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు.

"మీరు కదలకండి సార్," అన్నాడు గడ్డం బాబాయి, బ్రష్షుతో నురగ కలుపుతూ. "వాడికి పిచ్చి."

"పిచ్చి కాదు బాబాయ్, సెంటిమెంటు! క్వార్టర్ ఫైనల్ రోజు ఈ కుర్చీలోనే గడ్డం గీయించుకున్నా, గెలిచాం. సెమీఫైనల్ రోజూ ఇందులోనే, గెలిచాం. ఇవాళ ఫైనల్! ఇరవై మూడేళ్ళ తర్వాత ఫైనల్! ఇప్పుడు పక్క కుర్చీలో కూర్చుని జట్టు కొంప ముంచమంటావా?"

"నా పని అయ్యాక మీరే కూర్చుందురుగాని," అన్నాడు పెద్దమనిషి నవ్వి. "మ్యాచ్ సాయంత్రం కదా."

కండక్టర్ బెంచీ మీద కూలబడ్డాడు. మళ్ళీ లేచాడు. సెమీఫైనల్ నుంచి ఉతకని నీలం చొక్కా, కొరకడానికి ఇక మిగలని గోళ్ళు. ఊళ్ళో అందరి గడ్డాలూ నున్నగా గీసి తన గడ్డం మాత్రం గుండెల దాకా పెంచుకున్న బాబాయి, వాణ్ణి చూసి తల కొట్టుకున్నాడు. ఆ వీధిలో బాబాయి అసలు పేరు ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా.

"పెనాల్టీల దాకా మాత్రం పోకూడదు బాబాయ్. అప్పుడూ అక్కడే పోయింది. ఆఖరి పెనాల్టీ ఆ దరిద్రుడు గోల్ మీంచి జనంలోకి తన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా నాన్నయితే పని మానుకుని మరీ వాళ్ళూరెళ్ళి, వాడింటి మీద రాయేసొచ్చాడు!"

"మంచి పని చేశాడు," అన్నాడు బాబాయి.

పెద్దమనిషి కళ్ళు మూసుకున్నాడు. "పందొమ్మిదేళ్ళ కుర్రాడండీ, పాపం."

"అయితే? ఎదురుగా అంత పెద్ద గోలుంది. కొట్టలేనివాడు బూటు ఎందుకు తొడుక్కోవాలి? అంతమందీ వాణ్ణి నెత్తిన పెట్టుకుంటే, అందరి నోట్లో మట్టికొట్టి పోయాడు. నేనైతే వాణ్ణి ఒక్కరోజు కూడా క్షమించలేదు సార్."

పెద్దమనిషి మూసిన కళ్ళ చివర నీళ్ళు ఊరి, చెంప మీది నురగలోకి జారాయి. అది చూసిన కండక్టర్ రాళ్ళ సంగతి ఎందుకు వాగానా అని తనని తానే తిట్టుకున్నాడు.

"సార్... కొంపదీసి మీరే..."

"నేను కాదు బాబూ. నేను ఆ రోజు కెప్టెన్ని."

కండక్టర్ మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాడు.

"ఆ ఆఖరి పెనాల్టీ నేను తన్నాల్సింది," అన్నాడు కెప్టెన్. "భయమేసింది. వాడి దగ్గరికెళ్ళి నువ్వెళ్ళు అన్నాను. 'అన్నా, మోకాలు వాచింది, నావల్ల కాదు' అన్నాడు. నోర్మూసుకుని వెళ్ళమన్నాను. వెళ్ళాడు. తర్వాత ఊరూరా వాణ్ణి తిట్టారు. ఇంటి మీద రాళ్ళేశారు. తప్పు నాదని ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట, నేను ఎవరితోనూ అనలేదు. వాడూ నా పేరు చెప్పలేదు. ఇల్లొదిలి ఎటో పోయాడు."

బాబాయి కత్తి తుడిచి పక్కన పెట్టాడు. తడిగుడ్డతో కెప్టెన్ మొహం చాలాసేపు తుడిచాడు.

"ఈ ఊళ్ళో ఉంటున్నాడని మొన్న ఎవరో చెప్పారు. సెలూన్‌లో తెలియని మనిషుండడని ఇలా వచ్చాను. ఇవాళ మ్యాచ్ వాడి పక్కన కూర్చుని చూడాలని ఆశ. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. మీకు తెలుసా అతను?"

"అలాంటివాడు ఇక్కడెవడూ లేడండి," అన్నాడు బాబాయి, గుడ్డ దులుపుతూ.

కెప్టెన్ నిట్టూర్చి లేచాడు. జేబులోంచి ఒక టికెట్టు తీసి అద్దం ముందు పెట్టాడు. "ఎప్పుడైనా కనిపిస్తే ఇవ్వండి. నా పక్క సీటే. రాకపోతే ఖాళీగానే ఉంచుతాను."

అతను వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. కండక్టర్ గబుక్కున కుర్చీ ఎక్కాడు.

"బాబాయ్, ఆ మనిషి ఎలాగూ దొరకడు. టికెట్టు నాకిచ్చెయ్యవా? నీ కాళ్ళకి మొక్కుతా!"

"లే. షాపు మూస్తున్నా."

"ఫైనల్ రోజునా? మరి నా గడ్డం? సెంటిమెంటు?"

"ఓడితే నన్ను తిట్టుకో."

బాబాయి టికెట్టు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు. ఇన్నేళ్ళలో అతన్ని అలా చూడని కండక్టర్ తెల్లబోయి బయటికొచ్చాడు.

"ఎక్కడికి బాబాయ్?"

"మ్యాచ్‌కి."

"అదేంటి! ఆ సీటు పెనాల్టీ తన్నినవాడిదని ఆయన అంతలా చెప్పాడు కదా! నువ్వెళ్ళి ఎలా కూర్చుంటావ్?"

బాబాయి షట్టర్ కిందికి లాగి తాళం వేశాడు.

"తన్నింది నేనేరా."