అక్క వేళ్ళు

"ఒక్క పుట్టినరోజుకి మూడు లారీల కుర్చీలు దింపారట్రా!"

కుర్చీలు అద్దెకిచ్చే అక్క ఫోన్ పెట్టేసి, నిన్ననే కొత్త వెబ్‌సైటు పెట్టిచ్చిన తమ్ముడి మీద విరుచుకుపడింది. "పాతదే నయం. నత్తనడకే గానీ, నా పరువు తీయలేదు."

"కొత్తది రెప్పపాటులో పనిచేస్తుందక్కా! ఏం నొక్కావో చూపించు."

ఆవిడ ఆర్డరు నింపి, 'సేవ్' మీద టకటకా మూడుసార్లు నొక్కింది. తెర మీద మూడు ఆర్డర్లు వచ్చి కూర్చున్నాయి.

"మూడుసార్లెందుకే?"

"పాతది ఒకసారి నొక్కితే ఉలికేదా, పలికేదా? ఏళ్ళ తరబడి అలవాటు."

తమ్ముడు తల పట్టుకున్నాడు. పాత వెబ్‌సైటు కోడ్ అంతా పీకి పారేశాడు గానీ, దానికి అలవాటుపడ్డ వేళ్ళ సంగతే మరిచిపోయాడు. అయినా తగ్గలేదు. "ఒక్కసారి నొక్కడం నేర్చుకోలేవా? చిన్నపిల్లవా?"

"నేర్చుకుంటాలే. ముందు కుర్చీలు వెనక్కి తెద్దాం పద."

ఇద్దరూ బయటికొచ్చాక తమ్ముడు లిఫ్టు బటన్ నొక్కాడు. అది వెలిగింది. లిఫ్టు రాలేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ, మళ్ళీ.

అక్క అతని వేలివైపే చూస్తూ నిలబడింది.

తమ్ముడు చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "సాయంత్రానికల్లా మార్చేస్తానక్కా."

"ఎవర్ని, నన్నా?"

"కాదులే, వెబ్‌సైటుని. నువ్వెన్నిసార్లు నొక్కినా ఒక్క ఆర్డరే వెళ్తుంది."