ఐదుగురు తండ్రులు

“గోత్రం ఎవరిది చెప్పమంటారు?” అన్నాడు పురోహితుడు కీర్తినాథ్, తాంబూలం బుగ్గన పెట్టుకుంటూ.

“మాదే చెప్పండి,” అన్నాడు విశ్వంభర్ ఝా.

“చెప్పడానికేం, చెప్తాను. రేపు ఊళ్లో నలుగురూ నన్ను నిలదీస్తే? కన్నవాళ్లు చేయాల్సిన దానం ఇది. ఆ పిల్ల తరఫువాళ్లెవరూ లేరా?”

“కన్నవాళ్లు ఎప్పుడో పోయారు. పూర్ణియాలో మేనమామ ఒకడున్నాడు. ఫోన్ చేస్తే, నాకేం సంబంధం లేదు పొమ్మన్నాడు.”

వంటింట్లో మఖానా గింజలు వేయిస్తున్న సునయన చేతిలో గరిట ఆగింది.

“మీకు తెలియనిది కాదు,” అన్నాడు విశ్వంభర్. “శాస్త్రం తండ్రులు ఐదుగురని చెప్పింది. కన్నవాడు, ఉపనయనం చేసినవాడు, చదువు చెప్పినవాడు, అన్నం పెట్టినవాడు, భయం నుంచి కాచినవాడు. విభకి అన్నం పెట్టాను. మధ్యలో ఆగిపోయిన చదువు పూర్తి చేయించాను. భయం నుంచి కాచానో లేదో ఈ పెళ్లి జరిగితే తేలుతుంది.”

“సంస్కృతం మాస్టారితో వాదించి నేనెక్కడ గెలుస్తాను? సరే, చేయిస్తాను. కానీ పీటల మీద మీ పక్కన మీ ఆవిడ ఉండాలి. ఆవిడ ఒప్పుకున్నారా?”

విశ్వంభర్ వంటింటి వైపు చూశాడు. పురోహితుడు గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

“విన్నావుగా,” అన్నాడు విశ్వంభర్, వంటింటి గుమ్మంలో నిలబడి.

“విన్నాను. నేను కూర్చోను.”

“కారణం?”

“మీ శ్లోకాలకి అందేది కాదులెండి.”

కమలా నది పొంగిన ఏడాది కొడుకు ఉదయ్ పడవ మునిగి పోయాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో మిగిలిన పిల్ల విభ ఒక్కతే. వాడు వంకాయ ముట్టడని, అలిగితే వెళ్లి చెరువు గట్టున కూర్చుంటాడని, నిద్రలో నవ్వుతాడని తెలిసి, తనతో కూర్చుని తలుచుకునే మనిషి సునయనకి ఈ లోకంలో విభ తప్ప ఇంకెవరూ లేరు. సాయంత్రం పూట ఇద్దరూ బియ్యం ఏరుకుంటూ వాడి కబుర్లు చెప్పుకుంటారు. విభ వెళ్లిపోతే వాడు రెండోసారి పోయినట్టే.

“మనం ఎన్నాళ్లుంటామే?” అన్నాడు విశ్వంభర్.

“ఉన్నన్నాళ్లూ ఉంటాం.”

“ఆ తర్వాత ఆ పిల్ల గతేంటి?”

సునయన మఖానా డబ్బాలో పోసి మూత బిగించింది.

“మోహం వేరు, ప్రేమ వేరని ఏళ్ల తరబడి పిల్లలకి పాఠం చెప్పాను. నాకు మాత్రం ఈమధ్యే తెలిసింది. నా దగ్గరే ఉండమనేది మోహం. ఎక్కడున్నా బాగుండమనేది రెండోది.”

“ఐదుగురు తండ్రులన్నారు కదా. మరి తల్లులెందరు?”

“అదీ చెప్పారు. రాజు భార్య, గురువు భార్య, స్నేహితుడి భార్య... ఆ వరసలో నువ్వు రావు. నీ సంగతి నువ్వే తేల్చుకోవాలి.”

మర్నాడు విభ బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి సునయన లోపలి గదిలో గోడకి సున్నం వేసి, పెళ్లి బొమ్మలు గీయడానికి తంటాలు పడుతోంది. వెదురు పొద వంకరపోయింది. తామరాకు చేటలా వచ్చింది. ఊళ్లో ఏ పెళ్లి గదికైనా ఒకప్పుడు విభే గీసేది. ఉదయ్ పోయాక ఆ చేతులు రంగు ముట్టలేదు.

“ఇది వెదురా, చెరకా?” అంది విభ గుమ్మంలో నిలబడే.

“ఎగతాళి చాలు. వచ్చి సరిచెయ్యి.”

విభ కదల్లేదు. “నేను ముట్టుకోవచ్చా?”

“నా ఇంట్లో వద్దనేదెవరు?” అంటూ సునయన కుంచె తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

విభ కింద కూర్చుని గీత దిద్దింది. కాసేపటికి తల తిప్పకుండానే అంది. “మీకిష్టం లేకపోతే ఈ పెళ్లి వద్దని చెప్పేస్తాను. నిజంగానే.”

“నా ఇష్టం సరే. ఆ లెక్కల మాస్టారు నీకు నచ్చాడా?”

కుంచె ఆగింది. “దేవకాంత్ గారు నన్ను ఏదీ మరిచిపొమ్మనలేదు. ఉదయ్ గురించి అడుగుతారు. చెప్తే వింటారు. ఒకసారి మధ్యలో ఏడ్చాను. ఏమీ అనలేదు, మంచినీళ్లు తెచ్చిచ్చారు.”

సునయన రంగు చేతులు కొంగుకి తుడుచుకుంది. ఉదయ్ గురించి వినేవాడు ఇంకొకడున్నాడు. కొడుకు ఇంకో ఇంటికి కూడా వెళ్తాడన్నమాట.

“వంకాయ సంగతి చెప్పావా?” అంది చివరికి.

“చెప్పాను,” అంది విభ. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కడో మధ్యలో ఏడుపైంది.

పెళ్లినాడు సునయన పసుపు చీర కట్టుకుని, ఎవరూ పిలవకముందే వచ్చి భర్త పక్కన పీట మీద కూర్చుంది. పురోహితుడు ఝా వంశం గోత్రం గట్టిగా చదివాడు. ఊరి ఆడవాళ్లు కొందరు రాలేదు. వచ్చినవాళ్లు మాత్రం మనసారా పాడారు.

అప్పగింతల వేళ వాకిట్లో కారు ఆగి ఉంది. పక్కనే దేవకాంత్ తల్లి నిలబడి ఉంది. సునయన విభ ఒళ్లో బియ్యం, పసుపు కొమ్ము, గరిక పోసి కొంగు ముడివేసింది. విశ్వంభర్ శాస్త్రాలన్నీ మరిచిపోయి స్తంభానికి ఆనుకుని ఏడుస్తున్నాడు.

విభ వంగి సునయన కాళ్లు పట్టుకుంది. ఏదో పిలవబోయింది.

సునయన ఆమెను లేవనెత్తి, కారు పక్కనున్నావిడ వైపు చూపించి, చెవిలో మెల్లిగా చెప్పింది.

“ఇకనుంచి అత్తయ్యా అని ఆవిడను పిలువు, నన్ను కాదు.”