కవళ్ళు తోమిన చెయ్యి

నూకరత్నం గుమ్మం ముందు కూర్చుని కవళ్ళ చేపల పొలుసులు గీస్తోంది. పరీక్ష కోసం అంటించుకున్న బిళ్ళ అరచేతిలో తడుస్తోంది. టీవీలో యాత్రలు చూపించేవాళ్ళు ఆ బిళ్ళతో ఏది ముట్టుకున్నా, పట్టీ కట్టుకుని చూసేవాళ్ళ చేతులకూ తెలుస్తుంది. ఆ ఉద్యోగానికే పరీక్ష.

"ఇంట్లోనే నోరు తెరవవు. టీవీలో ఏటి సెప్తావే?" అన్నాడు తండ్రి ఎల్లాజీ, వల సర్దుతూ.

"అరకు కొండల గురించి రాసుకున్నానయ్యా. బట్టీ పట్టీసేను."

పరీక్ష వేళకి, పదింటికి, ఆమె చేతులు కడుక్కుని తెర ముందు కూర్చుంది. తెర మీద టీవీ సంస్థ ఉద్యోగిని నవ్వింది.

"పరీక్ష అయిపోయిందమ్మా. బిళ్ళ అంటించుకోగానే మొదలైంది. పట్టీలు కట్టుకున్న మూడు వందలమంది ప్రేక్షకులు నీతోపాటు చేపలు తోమారు, ఒక్కరూ మధ్యలో మానలేదు. సోమవారం లడాఖ్ వెళ్ళి మంచు ముట్టుకోవాలి."

"కవళ్ళు తోమితే ఉజ్జోగమా!" ఎల్లాజీ పగలబడి నవ్వాడు.

సోమవారం బయల్దేరేముందు నూకరత్నం తండ్రికొక పట్టీ ఇచ్చింది.

"ఇది కట్టుకుంటే ఆ మంచు నీ సేతికీ తెలుస్తాదయ్యా."

"నాకెందుకే? సముద్రం మీద పనోణ్ణి."

ఆమె సంచి తెచ్చుకునేసరికి అతను పట్టీని ముంజేతికి బిగించుకుంటున్నాడు. వల భుజాన వేసుకుని పడవ వైపు వెళ్ళిపోయాడు.